కోరమాండల్ తీరపు వృక్షశాస్త్రవేత్త – విలియం రాక్స్‌బర్గ్

భారతీయ వృక్షశాస్త్ర పితామహుడిగా ప్రసిద్ధి పొందిన విలియం రాక్స్‌బర్గ్ 1751లో స్కాట్లాండులో జన్మించాడు. ఎడింబరోలో వైద్యవిద్యతోపాటు జాన్ హోప్ వద్ద వృక్షశాస్త్రాన్ని అభ్యసించాడు. 1776లో ఈస్టిండియా కంపెనీ సహాయ వైద్యుడిగా మద్రాసు చేరాడు. వృత్తి వైద్యమే అయినా ఆయన మనసు మొక్కల మీదనే లగ్నమైంది. తొలినాళ్ళలో ఎంతో శ్రమించి సేకరించిన మొక్కలు, గ్రంథాలు వరదపాలైనా ఆయన నిరుత్సాహపడలేదు.

1781లో రాక్స్‌బర్గ్ నేటి కాకినాడ జిల్లాలోని సామర్లకోటకు వచ్చాడు. అక్కడ ఒక వృక్షోద్యానాన్ని నెలకొల్పి, మిరియాలు, కాఫీ, దాల్చినచెక్క మొదలైన వాటిని పెంచాడు. వీటి ద్వారా లాభం పొందాలన్నది కంపెనీ కోరిక. అయితే ఆయన దృష్టి లాభం తెచ్చే పంటలకే పరిమితం కాలేదు. కొండల్లో, పొదల్లో ఎవరి కంటా పడకుండా పూచే అడవి మొక్కలను సైతం ఆయన శ్రద్ధగా పరిశీలించాడు. లిన్నేయస్ శిష్యుడైన కోనిగ్ స్నేహం ఈ కృషికి తోడ్పడింది.

అట్టి అడవి మొక్కలలో సెరోపీజియా ప్రజాతి ఒకటి. ఈ పేరును 1753లో లిన్నేయస్ పెట్టాడు. ఇవి చాలావరకు నేలలో దుంప కలిగి, వానాకాలంలో పొదలపైకి ఎగబాకే సన్నని తీగలు. వీటి పుష్ప నిర్మాణం విచిత్రమైనది. ఐదు ఆకర్షణపత్రాలు కలిసి అడుగున ఉబ్బిన గొట్టంగా ఏర్పడతాయి. పైన వాటి కొనలు తిరిగి కలుసుకొని చిన్న లాంతరును తలపిస్తాయి. గొట్టం లోపలి రోమాలు కిందికి వంగి ఉంటాయి. అందువల్ల లోనికి జారిన చిన్న ఈగ వెంటనే బయటపడలేదు. రోమాలు వాడిన తరువాత అది పుప్పొడి ముద్దలతో వెలువడి మరో పువ్వును చేరుతుంది. ఈ విధంగా పరాగసంపర్కం జరుగుతుంది.

ఇటువంటి పువ్వును కాగితాల మధ్య అదిమి ఎండబెడితే దాని ఆకారం చెడిపోతుంది. కనుక సజీవమైన మొక్కను చూసి బొమ్మ గీయించడమే తగిన మార్గమని రాక్స్‌బర్గ్ భావించాడు. స్థానిక చిత్రకారులను నియమించి, 1790 నాటికి సుమారు 700 చిత్రాలను సిద్ధం చేయించాడు. ఆ చిత్రకారులలో అధికుల పేర్లు చరిత్రకు అందకపోవడం విచారకరం. మొక్కల లక్షణాలతోపాటు వాటి తెలుగు పేర్లను, ప్రజలు వాటిని వాడుకొనే తీరును కూడా ఆయన నమోదు చేశాడు.

జోసెఫ్ బ్యాంక్స్ పర్యవేక్షణలో 1795లో లండన్‌లో కోరమాండల్ తీరపు మొక్కలను గూర్చిన ఆయన గ్రంథం మొదటి సంపుటం వెలువడింది. అందులో బల్బోసా, అక్యుమినేటా, ట్యూబరోసా, జన్సియా అనే నాలుగు సెరోపీజియా జాతులను ఆయన వర్ణించాడు. గుండ్రని ఆకులు గలదానిని బల్బోసాగా, సన్నని మొనదేలిన ఆకులు గలదానిని అక్యుమినేటాగా వేరుచేశాడు. కాని ఒకే జాతిలో ఆకుల ఆకారం ఎంతగానో మారుతుందని తరువాతివారు గ్రహించారు. అందుచేత అక్యుమినేటాను బల్బోసాలోనూ, ట్యూబరోసాను లిన్నేయస్ పేర్కొన్న జాతిలోనూ చేర్చారు. బల్బోసా, జన్సియా జాతులు మాత్రం నేటికీ ఆయన పెట్టిన పేర్లతోనే నిలిచి ఉన్నాయి. ఆయన విస్పష్టమైన వర్ణనలు, చిత్రాలు ఉండబట్టే ఆ సవరణ సులభమైంది.

1793లో రాక్స్‌బర్గ్ కలకత్తా వృక్షోద్యాన పర్యవేక్షకుడయ్యాడు. అక్కడ సుమారు 20 సంవత్సరాలు సేవ చేసి, ఆరోగ్యం క్షీణించగా 1813లో భారతదేశాన్ని వీడాడు. తన జీవితకాల కృషి అయిన ఫ్లోరా ఇండికా వ్రాతప్రతిని మిత్రుడు విలియం కేరీకి అప్పగించాడు. అది అచ్చులో రాకముందే, 1815లో ఎడింబరోలో కన్నుమూశాడు. కేరీ కృషితో ఆ గ్రంథం 1832లో మూడు సంపుటాలుగా సంపూర్ణంగా వెలుగుచూసింది.

భారతదేశంలో యాభైకి పైగా సెరోపీజియా జాతులున్నాయి. వాటిలో అధికభాగం మరెక్కడా కనిపించవు. దుంపలను ఆహారం కోసం తవ్వుకోవడం, అడవులు తరిగిపోవడం వల్ల పలు జాతులు అంతరించే ప్రమాదంలో ఉన్నాయి. ఒక మొక్కను కాపాడాలంటే ముందు దానిని గుర్తుపట్టగలగాలి. రెండు శతాబ్దాల క్రితం తెలుగునేలపై రాక్స్‌బర్గ్, పేరు తెలియని చిత్రకారులు కలిసి చేసిన కృషి ఆ గుర్తింపునకు ఈనాటికీ ఆధారమై నిలిచింది.