బఠాణీ గింజలు చెప్పిన లెక్క

ఇంటర్ల మెండెల్ పాఠం నేను బట్టీ కొట్టిన. మార్కులొచ్చినయ్, మర్చిపోయిన. ఆయన కూడా మనలెక్క రైతుబిడ్డే అని చాన ఏండ్లకు తెలిసింది.

1822ల, ఇప్పటి చెక్ దేశంల ఒక చిన్న ఊర్ల పుట్టిండు. దుంగ మీదపడి తండ్రికి పెద్ద దెబ్బ తాకింది, ఎవుసం కష్టమైంది. సదువు ఆగిపోయేటట్టుంటే చెల్లె తెరేసియా తన కట్నంల నుంచి కొంత ఇచ్చింది. 1843ల బ్రనో పట్నంల క్రైస్తవ మఠంల చేరిండు. టీచర్ పరీక్షకు రెండుసార్లు పోయినా గట్టెక్కలే. కానీ వియన్నాల సదివిన లెక్కలు అక్కరకొచ్చినయ్.

1856 నుంచి మఠం తోటల బఠాణీలు పెంచిండు. గుండ్రటి గింజల మొక్కను ముడతల గింజల మొక్కతోని కలిపితే అన్నీ గుండ్రటివే వచ్చినయ్. వాటిని మళ్ల ఏస్తే పోయిన ముడతలు తిరిగొచ్చినయ్. ఆయన కూసొని లెక్కపెట్టిండు. 7,324 గింజల్ల 5,474 గుండ్రటివి, 1,850 ముడతలవి. అంటే దాదాపు నాలుగింట్ల ఒకటి.

కారణమేందంటే, ప్రతి గుణానికి తల్లి నుంచి ఒక పాలు, తండ్రి నుంచి ఒక పాలు వస్తది. కలిపిన మొక్కల ఒక పాలు గుండ్రం, ఒక పాలు ముడత. పిల్ల గింజకు ఏది పోతదో బొమ్మా బొరుసే. రెండు దిక్కుల బొరుసు పడితేనే ముడత.

1866ల అచ్చేస్తే ఎక్కువమంది పట్టించుకోలే. 1884ల సచ్చిపోయిండు. 1900లగాని లోకానికి ఆయన విలువ తెల్వలే.

ఇప్పుడు గీ ముచ్చటెందుకంటే, మన ఆదిలాబాద్ గూడేలల్ల సికిల్ సెల్ జబ్బుంది. ఆలుమొగలు ఇద్దరూ పైకి మంచిగనే ఉంటరు. ఇద్దరిల ఆ పాలు ఒక్కొక్కటి దాగి ఉంటే, పుట్టే బిడ్డకు జబ్బొచ్చే అవకాశం నాలుగింట్ల ఒకటి. మొదటి బిడ్డకు వచ్చింది కదా, ఇగ తర్వాత ముగ్గురికి రాదని కొందరనుకుంటరు. అది తప్పు. రూపాయి బిళ్లకు పాత ఆట యాదికుండదు. ప్రతి కాన్పుకు లెక్క మళ్ల మొదటికొస్తది. కోడలినే తిట్టుడు ఇంకా తప్పు, సగం పాలు కొడుకుదే.

పెండ్లికి ముందు జాతకాలు చూపించే ఓపిక మనకుంది. ఒక్క రక్త పరీక్షకు ఎనుకాడుడెందుకు?