తన నేలని తనే మోసుకెళ్లే రాకెట్

నడిచేటప్పుడు కాలు నేలని వెనక్కి తోస్తుంది, నేల మనల్ని ముందుకి తోస్తుంది. తడి గచ్చు మీద జారిపడ్డామంటే, వెనక్కి తోయడానికి కాలికి పట్టు దొరకలేదన్నమాట. న్యూటన్ మూడో సూత్రం ఇంతే. మరి నేలా గాలీ ఏమీ లేని శూన్యంలో రాకెట్ దేన్ని తోసి ముందుకెళ్తుంది? ఇంటర్‌లో నన్ను బాగా తినేసిన డౌట్ ఇది. దీనికి సరైన జవాబు తెలిసి కూడా నవ్వులపాలైన మనిషి రాబర్ట్ గొడార్డ్.

ఆయన 1882లో అమెరికాలోని వూస్టర్‌లో పుట్టారు. చిన్నప్పటినుంచీ ఆరోగ్యం అంతంతమాత్రం. 17 ఏళ్లప్పుడు, 1899 అక్టోబర్ 19న, ఎండుకొమ్మలు కొట్టడానికి చెర్రీ చెట్టెక్కారు. అక్కడ కూర్చుని, అంగారకుడి దాకా ఎగిరే యంత్రం చేస్తే ఎలా ఉంటుందా అని ఊహించుకున్నారు. ఆ తేదీని జీవితాంతం పుట్టినరోజులా గుర్తుపెట్టుకున్నారు.

తర్వాత క్లార్క్ యూనివర్సిటీలో ఫిజిక్స్ చెబుతూ, 1915లో గాలి తీసేసిన గొట్టంలో రాకెట్‌ని మండించి చూశారు. తోపు గాలిలో కంటే కాస్త ఎక్కువే వచ్చింది! ఎందుకంటే రాకెట్ తోసేది బయటి గాలిని కాదు, తన లోపల మండిన వాయువుని. దాన్ని వెనక్కి చిమ్ముతుంది, అది రాకెట్‌ని ముందుకి తోస్తుంది. దీపావళి తారాజువ్వ లెక్కా ఇదే. మన కాలికి నేల ఎలాగో రాకెట్‌కి దాని ఇంధనం అలాగ. తన నేలని తనే మోసుకెళ్తుంది.

అయినా 1920 జనవరిలో న్యూయార్క్ టైమ్స్, హైస్కూల్ పిల్లలకి తెలిసిన ఫిజిక్స్ కూడా ఈ ప్రొఫెసర్‌కి తెలీదని సంపాదకీయంలో వెక్కిరించింది. అప్పటికి ప్రయోగం చేసి ఐదేళ్లు! ఆ దెబ్బతో ఆయన ఎవరికీ పెద్దగా చెప్పకుండా పని చేసుకోవడం అలవాటు చేసుకున్నారు.

1926 మార్చి 16న ఆబర్న్‌లోని ఒక పొలంలో పెట్రోలు, ద్రవ ఆక్సిజన్‌తో నడిచే రాకెట్‌ని వదిలారు. రెండున్నర సెకన్లు, 41 అడుగుల ఎత్తు. మన నాలుగంతస్తుల హాస్టలంత కూడా ఉంటుందో ఉండదో. కానీ ద్రవ ఇంధనంతో ఎగిరిన మొదటి రాకెట్ ప్రపంచంలో అదే.

1945లో ఆయన పోయారు. 1969 జులై 16న అపోలో 11 చంద్రుడి వైపు బయల్దేరింది. మర్నాడు ఆ పత్రిక తన పాత మాటని సరిదిద్దుకుంది. చదువుకోడానికి గొడార్డ్ లేరు. కానీ లోకం ఒప్పుకోడానికి 54 ఏళ్ల ముందే గొట్టంలోని ఆ రాకెట్ ఒప్పేసుకుంది. ఆయన్ని అన్నేళ్లు నడిపించింది అదేనేమో అనిపిస్తుంది నాకు.