మహావీరాచార్యుడు

గణితశాస్త్రమునకు మన దేశము చేసిన సేవను ముచ్చటించునపుడు ఆర్యభట, బ్రహ్మగుప్త, భాస్కరుల పేర్లు అందఱి నోటను వినవచ్చును. ఆ వరుసలో నిలువదగిన మఱియొక మహనీయుడు మహావీరాచార్యుడు. ఆయన మన అనంతపురమునకు పొరుగైన కన్నడదేశపు రాజుల కాలమువాడు. ఆయన గ్రంథము పిదప తెలుగుభాషలోనికి తేబడినది. కావున ఆయన చరితమును మన విద్యార్థు లెఱుగుట యుక్తమని తలంచి యిచట సంగ్రహముగా వ్రాయుచున్నాము.

క్రీ. శ. తొమ్మిదవ శతాబ్దమున దక్కనును రాష్ట్రకూటులు పాలించుచుండిరి. వారి రాజధానియైన మాన్యఖేటము నేడు కర్ణాటకమునందలి కలబురగి జిల్లాలో మల్ఖేడ్ అను పేర నున్నది. అమోఘవర్ష నృపతుంగుడు 814 మొదలు ఆఱు దశాబ్దములకు పైగా రాజ్యమేలెను. జైనమతస్థుడైన మహావీరాచార్యుడు ఆ కాలముననే, సుమారు 850లో, గణితసారసంగ్రహమను గ్రంథమును సంస్కృత శ్లోకములలో రచించెను. గ్రంథాదిని వర్ధమాన జినునకు మ్రొక్కి, పిదప నృపతుంగుని ఏలుబడిని కొనియాడెను.

అంతకు పూర్వము పెక్కుమంది పండితులు గణితమును జ్యోతిషగ్రంథములలో ఒకటి రెండు అధ్యాయములుగా చేర్చుచుండిరి. మహావీరాచార్యుడు దానికే ఒక గ్రంథమును కేటాయించెను. వర్తకము, వంట, వైద్యము, సంగీతము, ఛందస్సు, గృహనిర్మాణము మొదలగు పనులన్నిటికిని గణితము కావలెనని ఆయన మతము. తొమ్మిది అధ్యాయములలో ఒకటి త్రవ్వకముల కొలతలకై యేర్పడినది. బావులును చెఱువులును ప్రాణాధారములైన మన సీమవారికి దాని యుపయోగము వేఱుగా చెప్పనక్కఱలేదు.

పదునొకండవ శతాబ్దమున పావులూరి మల్లన ఈ గ్రంథమును తెలుగు పద్యములలోనికి తెచ్చెను. 1912లో మదరాసున రంగాచార్యులవారు మూలమును ఆంగ్లానువాదముతో ప్రకటింపగా ప్రపంచమునకు మహావీరుని ప్రజ్ఞ తెలిసినది.

వర్గమూలములను గూర్చి ఆయన చెప్పినది మిక్కిలి స్పష్టము. 3ను 3చే గుణించిన 9 వచ్చును. -3ను -3చే గుణించినను 9 యే వచ్చును. ధనమైనను ఋణమైనను వర్గము ధనమే యగుటచే -9 దేనికిని వర్గము కానేరదు. కావున ఋణసంఖ్యకు వర్గమూలము లేదని ఆయన తీర్మానించెను. తోచినదేదో వ్రాసి తప్పించుకొనక, కారణముతో సహా లేదని చెప్పుట నిజమైన పండితుని లక్షణము. అట్టివాడును సున్నచే భాగించిన సంఖ్య మాఱదని వ్రాసి యొకచోట పొరపడెను. గొప్పవారి మాటనైనను పరీక్షింపవలె నని దీనివలన తెలియుచున్నది.

అట్లయిన మూలము లేదనిన మాటయు పొరపాటేనా? ఏడువందల యేండ్ల పిదప, 1545లో, ఇటలీ దేశస్థుడు కార్డానో లెక్కలు చేయుచు ఋణసంఖ్యల మూలములను ఎదుర్కొనెను. 1572లో బొంబెల్లి వానిని కూడుటకును గుణించుటకును నియమము లేర్పఱచెను. 1777లో ఆయిలరు -1 యొక్క మూలమునకు ఐ అను అక్షరమును గుర్తుగా వాడెను. 1797లో వెస్సెలను భూమికొలతల యుద్యోగియు, 1806లో ఆర్గాండును దానిని పటము గీసి చూపిరి.

ఆ పటమును మేము తరగతిలో ఇట్లు చెప్పుదుము. సంఖ్యలన్నియు తూర్పు పడమరలుగా సాగిన బాటపై నున్నవి. తూర్పున ఒక అడుగు 1. పడమట ఒక అడుగు -1. తూర్పుముఖముగా నిలిచినవాడు ఎడమకు లంబకోణమున తిరిగిన ఉత్తరమును, మఱల అట్లే తిరిగిన పడమరను చూచును. రెండుమాఱులు చేసిన -1 నిచ్చు క్రియ ఆ తిరుగుడే. కావున -1 మూలము బాటపై లేదు; ప్రక్కనున్న పొలములో, ఉత్తరముగా ఒక అడుగు దూరమున నున్నది.

3+4ఐ వంటి సంకీర్ణసంఖ్యకును మూలము తీయవచ్చును. తూర్పునకు 3, ఉత్తరమునకు 4 అడుగులు నడచినవాడు బయలుదేఱిన చోటికి 5 అడుగుల దూరమున నుండును. మూలము క+గఐ యనుకొందము. క వర్గమునుండి గ వర్గమును తీసివేసిన 3 రావలెను. ఆ రెంటిని కూడిన 5 రావలెను. కావున క వర్గము 4, గ వర్గము 1. క, గలను గుణించి రెట్టింపు చేసిన 4 రావలెను గనుక రెంటి గుర్తును ఒకటే. మూలములు 2+ఐ, -2-ఐ. 2+ఐని దానిచేతనే గుణించి సరిచూచుకొనుడు.

విద్యార్థులారా, మహావీరాచార్యుని మాట అబద్ధము కాలేదు. ఆయన యెఱిగిన బాటపై వెదకువానికి -1 మూలము నేటికిని దొరకదు. మన సీమలో నీరు లేనిచోట ఉన్నదని చెప్పువాడు రైతును అప్పులపాలు చేయును. లేదని చెప్పువాడు ఆతనిని వేఱొకచోట వెదకునట్లు చేయును. మహావీరుడు ఈ రెండవ కోవకు చెందినవాడు. గణితమున లేదను మాట విన్నపుడెల్ల, ఎంత మేరలో లేదని అడుగ నేర్చుకొనుడు.