ఆల్‌ఫ్రెడ్ బ్యూఖి

స్విట్జర్లాండ్ దేశంలోని వింటర్‌థూర్ యంత్ర పరిశ్రమలకు పేరుగాంచిన పట్టణం. ఆల్‌ఫ్రెడ్ బ్యూఖి 1879 జూలై 11న అక్కడ జన్మించాడు. జ్యూరిచ్‌లోని సాంకేతిక విద్యాలయంలో యంత్రశాస్త్రం అభ్యసించాడు. ఇంజనులో మండిన ఇంధనపు శక్తిలో పెద్దభాగం పొగగొట్టం గుండా వృథా కావడం అతనిని ఆలోచింపజేసింది. వెలువడే వేడి పొగతో ఒక చక్రాన్ని తిప్పి, అదే ఇరుసుకు అమర్చిన మరో చక్రంతో గాలిని ఒత్తి ఇంజనులోకి పంపితే దాని బలం పెరుగుతుందని అతడు భావించాడు. 1905లో పేటెంటుకు దరఖాస్తు చేశాడు. అప్పటికి అతని వయస్సు ఇరవై ఆరేళ్లు.

కాగితం మీది చక్రం సులభంగానే తిరుగుతుంది. మండే పొగను తట్టుకొని మహావేగంతో తిరగగల లోహం మాత్రం ఆనాడు దుర్లభం. సుల్జర్ సంస్థలో పనిచేస్తూ 1915లో సిద్ధపరచిన నమూనా గాలి ఒత్తిడిని నిలుపలేక విఫలమయింది. బ్యూఖి పట్టు విడువలేదు. మరో పదేళ్లు శ్రమించి 1925లో సఫలుడయ్యాడు. ఆ విధానంతో రెండు జర్మన్ ప్రయాణికుల నౌకల ఇంజన్లు 1,750కి బదులు 2,500 అశ్వశక్తిని అందించాయి. 1938లో సౌరర్ సంస్థ దానిని లారీ ఇంజనుకు అమర్చింది. 1959లో బ్యూఖి కన్నుమూశాడు.

అతని యంత్రానికి ఒక లోపం ఉండిపోయింది. బరువు బండి కదిలేవేళ పొగ తక్కువ. అందువల్ల చక్రం వేగమందుకోవడానికి జాగవుతుంది. ఈనాటి ఇంజనీర్లు ఆ ఇరుసుకే విద్యుత్ మోటారును జోడించి ఆ జాగును తగ్గిస్తున్నారు. పొగబలం మిగిలినప్పుడు అదే మోటారు జనరేటరుగా మారి విద్యుత్తును ఇస్తుంది.