ఒళ్లంతా ప్రార్థన చేసిన పునీత దోమినిక్



గుడిలో అడుగుపెట్టగానే తీర్థజలంలో వేలు ముంచి మనం వేసుకునే సిలువ గుర్తును ఒక్కసారి తలచుకోండి. చాలాసార్లు అది ముఖం మీది ఈగను తోలుకున్నట్టే ఉంటుంది. నన్ను కలుపుకునే ఈ మాట అంటున్నాను. ఆగస్టు 8న మనం పండుగ చేసుకునే పునీత దోమినిక్ గారి జీవితం చదివాక, ఆ చేతి కదలిక అంత చిన్న విషయంగా తోచదు.

ఆయన సుమారు 1170లో స్పెయిను దేశపు కస్తీలు రాజ్యంలో, కలెరుయేగ అనే ఊళ్లో జన్మించారు. పలెన్సియాలో చదువుకునే రోజుల్లో కరువు వస్తే, తాను గుర్తులు వ్రాసుకున్న తోలు పుస్తకాలను అమ్మి పేదలకు అన్నం పెట్టారు. తరువాత ఓస్మాలో గురువయ్యారు. 1203లో తమ మేత్రాణులు దియేగో గారి వెంట ప్రయాణిస్తూ దక్షిణ ఫ్రాన్సులోని తులూజులో బసచేశారు. ఆ ఇంటి యజమాని కథారుల మతంలో కలిసినవాడని తెలిసింది. దోమినిక్ గారు ఆ రాత్రి నిద్రపోలేదు. తెల్లవార్లూ అతనితో మాట్లాడి తిరిగి తిరుసభలోకి తెచ్చుకున్నారు.

ఈ కథారులు ఏం నమ్మేవారో మీరు తెలుసుకోవాలి. ఆత్మ మంచి దేవునిదట, శరీరం చెడుశక్తి కట్టిన చెరసాలట! అందుకే దేవుని కుమారుడు నిజమైన దేహం ధరించాడంటే వారు ఒప్పుకోరు. నీరు, రొట్టె, ద్రాక్షరసం దేవుని వరప్రసాదాన్ని మనకు అందిస్తాయంటే ఒప్పుకోరు. దోమినిక్ గారు ఏళ్ల తరబడి కాలినడకన తిరిగి వారికి బోధించారు. 1216 డిసెంబరు 22న మూడవ హొనోరియస్ పోపుగారు ఆయన బోధకుల సభను ఆమోదించారు. పగలు నోటితో చెప్పిన జవాబునే ఆయన రాత్రిళ్లు ఒళ్లంతటితో చెప్పేవారు.

ఆ సంగతి మనకు తెలియడానికి కారణం కొంటె శిష్యులు. గురువుగారు ఒంటరిగా గుడిలో ఉన్నప్పుడు చాటున నిలబడి చూసేవారు. ఆయన గతించిన కొన్ని దశాబ్దాలకు, పేరు చెప్పుకోని ఒక మఠవాసి ఆయన తొమ్మిది ప్రార్థనా రీతులను చిన్న పుస్తకంగా వ్రాశారు. దాని ప్రతుల్లో బొమ్మలు కూడా ఉన్నాయి.

బలిపీఠం ముందు, ఎదుట క్రీస్తుప్రభువే ఉన్నట్టు నడుము వంచి నమస్కరించేవారు. త్రిత్వ స్తోత్రం వచ్చినప్పుడు అలాగే వంగమని సోదరులకు నేర్పారు. నేలపై బోర్లాపడి ఏడ్చేవారు. సిలువను చూస్తూ మోకరించి, లేచి, మళ్లీ మోకరించేవారు. దేనికీ ఆనుకోకుండా నిలబడి, అరచేతులను తెరిచిన పుస్తకంలా రొమ్ము ముందు పట్టుకునేవారు. ఇనుప గొలుసుతో తమను తాము కొట్టుకునేవారు కూడా. అది ఆ కాలపు తపస్సు, మనకు అనుకరణీయమని నేను చెప్పను. దారిలో సోదరులకు కాస్త ఎడంగా నడుస్తూ, ఈగలను తోలుతున్నట్టు చేయి విసిరి సిలువ గుర్తు వేసుకునేవారు. పైకి మన ఈగల సైగలాంటిదే! కాని ఆయన తోలింది ధ్యానానికి అడ్డువచ్చే తలపులనట.

చేతులు రెండూ సిలువలా చాచి ప్రార్థించడం మాత్రం అరుదు. దేవుడు ఏదో గొప్ప కార్యం చేయబోతున్నాడని మనసుకు తోచినప్పుడే అలా చేసేవారు. అలా చేయమని సోదరులను ప్రోత్సహించలేదు, వద్దనీ అనలేదు. ఈ మాట దగ్గర నేను చాలాసేపు ఆగాను. లోపల లేనిదాన్ని చేతులు చూపించడం ఆయనకు ఇష్టం లేదు కాబోలు. అలాగని లోపల ఉన్నదాన్ని చేతులకు అందకుండా దాచనూ లేదు.

1221 ఆగస్టులో ఇటలీలోని బొలోన్యా మఠంలో ఆయన జబ్బుతో ఉన్నారు. తమకంటూ మంచం లేదు గనుక మొనేతా అనే సోదరుని మంచం మీద, అతని అంగీతోనే పడుకోబెట్టారు. 6వ తేదీన సోదరులు చుట్టూ చేరారు. ఆయన నీరసించిన చేతులను పైకెత్తి, వారిని తండ్రిదేవునికి అప్పగించారు. ఇక మొదలుపెట్టమన్నారు. సోదరులు మరణ ప్రార్థనలు అందుకున్నారు. అవి సాగుతుండగానే ఆయన కన్నుమూశారు.