స్పాంజికి ప్రాణముందని చూపిన గురువు – రాబర్ట్ గ్రాంట్

స్పాంజి అనగానే మనకు గుర్తొచ్చేది చిన్నప్పుడు పలక తుడుచుకున్న ముక్క. అది ఫ్యాక్టరీలో తయారైనది. అసలు స్పాంజి సముద్రం అడుగున రాళ్లను అంటిపెట్టుకుని బతికే జీవి. హాస్టల్లో ఉండి ఇంటర్ బైపీసీ చదివిన రోజుల్లో మేము సైకాన్ బొమ్మ ఎన్నిసార్లు గీశామో లెక్కలేదు. పొరిఫెరా వర్గ లక్షణాలు బట్టీపట్టి మార్కులు తెచ్చుకున్నాం. ఆ వర్గానికి ఆ పేరు పెట్టినదెవరో మాకు ఎవరూ చెప్పలేదు, మేమూ అడగలేదు. మా ఇంట్లో డిగ్రీ పట్టా చూసిన మొదటి తరం మాది. ఎం.ఎస్సీ. జువాలజీలో చేరాకే ఆయన జీవితం గురించి చదివాం. చదివాక హాస్టల్ తమ్ముళ్లకు, చెల్లెళ్లకు చెప్పకుండా ఉండలేకపోయాం.

ఆయన పేరు రాబర్ట్ ఎడ్మండ్ గ్రాంట్. 1793 నవంబర్ 11న స్కాట్లండ్‌లోని ఎడిన్‌బరో నగరంలో పుట్టారు. పేదింటి బిడ్డ కాదు, తండ్రి న్యాయవాది. 1814లో ఎడిన్‌బరో విశ్వవిద్యాలయంలో వైద్య పట్టా పొందారు. తండ్రి ఆస్తిలో తన వాటాకు వచ్చిన డబ్బును చదువుకే ఖర్చు పెట్టారు. 1815 నుంచి 1820 వరకు పారిస్‌తో పాటు యూరప్‌లోని అనేక విద్యాకేంద్రాలు తిరిగి జంతుశాస్త్రం నేర్చుకున్నారు. జీవులు కాలక్రమంలో మారుతూ వచ్చాయన్న లామార్క్ ఆలోచన ఆయన మనసులో నాటుకుంది. ఆ రోజుల్లో ఆ మాట బయటికి అనడానికే చాలామంది జంకేవారు.

తిరిగి వచ్చాక వైద్యవృత్తి వదిలి సముద్రపు ఒడ్డు పట్టారు. స్పాంజి మొక్కా, జంతువా అన్నది అప్పటికి తేలని ప్రశ్న. కదలదు, నోరు లేదు, కళ్లు లేవు. అలాంటిదాన్ని పట్టించుకునేవారు తక్కువ. గ్రాంట్ మాత్రం బతికి ఉన్న చిన్న స్పాంజి ముక్కను గాజు పళ్లెంలో సముద్రపు నీళ్లలో ఉంచి, కొవ్వొత్తి వెలుగులో సూక్ష్మదర్శిని కింద ఓపికగా చూశారు. నీటిలో కదలిక కనిపించింది. ఒంటినిండా ఉన్న సన్నని రంధ్రాల నుంచి నీరు లోపలికి పోతోంది, పెద్ద రంధ్రం నుంచి నలుసులతో కలిసి ఊటలా బయటికి చిమ్ముతోంది. స్పాంజి పిల్లదశలో శైలికలతో ఈదుతూ వెళ్లి, ఒకచోట అతుక్కుని పెరుగుతుందని కూడా ఆయన గమనించారు. ఈ పరిశోధనలను 1825 నుంచి 1827 వరకు వరుసగా ప్రచురించారు. తరువాత 1836లో, రంధ్రాలు కలిగినవి అనే అర్థంలో పొరిఫెరా అన్న పేరు పెట్టారు.

నీటిని నడిపించేది ఏమిటో ఆయన సూక్ష్మదర్శినికి అందలేదు. స్పాంజి లోపల కాలర్ కణాలు ఉంటాయి. ఒక్కో కణానికి ఒక్కో కశాభం. అవి కొట్టుకుంటుంటే నీరు ప్రవహిస్తుంది, అందులోని సూక్ష్మజీవులు స్పాంజికి ఆహారమవుతాయి. ఒంటరిగా బతికే కొన్ని ఏకకణ జీవులు అచ్చం ఈ కణాల్లాగే ఉంటాయని 1867లో హెన్రీ జేమ్స్ క్లార్క్ అనే అమెరికా శాస్త్రవేత్త గుర్తించారు. జంతుజాతి పుట్టుక గురించి నేడు పరిశోధించేవారు స్పాంజిలను వదలలేకపోవడానికి ఇదొక కారణం.

1825లో పదహారేళ్ల చార్లెస్ డార్విన్ వైద్యం చదవడానికి ఎడిన్‌బరో వచ్చాడు. గ్రాంట్ ఆ కుర్రవాణ్ణి వెంటబెట్టుకుని ఒడ్డున జీవులను ఏరడం, పరీక్షించడం నేర్పారు. ఇక్కడ ఒక చేదు నిజం కూడా చెప్పాలి. ఫ్లస్ట్రా అనే సముద్రజీవి డింభకాలు శైలికలతో ఈదడం డార్విన్ కనిపెట్టాడు. అతను 1827 మార్చి 27న విద్యార్థుల సంఘంలో ఆ సంగతి చెప్పబోతే, మూడు రోజుల ముందే మరో సభలో గ్రాంట్ దాన్ని ప్రకటించేశారు. గురువు గొప్పవాడే, ఆ పని మాత్రం సరైనది కాదు. అయినా డార్విన్ 1861లో తన జీవజాతుల గ్రంథం మూడవ ముద్రణలో, తనకన్నా ముందు పరిణామం గురించి రాసినవారిని పేర్కొంటూ స్పాంజిలపై గ్రాంట్ రాసిన 1826 నాటి వ్యాసాన్ని గుర్తుచేశారు.

1827లో గ్రాంట్ కొత్తగా ఏర్పడిన లండన్ విశ్వవిద్యాలయంలో జంతుశాస్త్ర ఆచార్యులయ్యారు. అదే నేటి యూనివర్సిటీ కాలేజ్ లండన్. మతం అడిగి గేటు దగ్గర ఆపే రోజుల్లో, మతంతో పని లేకుండా తలుపు తెరిచిన విద్యాసంస్థ అది. అయితే ఆచార్యుల సంపాదన ఎక్కువగా విద్యార్థుల ఫీజుల మీదే ఆధారపడేది. గ్రాంట్ పాఠం పరీక్షలకు తప్పనిసరి కాదు కనుక చేరేవారు తక్కువ. ఆయన బీదరికంలో పడ్డారు. అయినా నలభై ఆరేళ్లు ఒక్క పాఠం కూడా మానలేదని చెబుతారు. తన భావాలనూ మార్చుకోలేదు. ఆయన దుస్థితి తెలిసి మిత్రులు, పాత విద్యార్థులు చందాలు వేసుకుని ఏటా 50 పౌన్లు అందే ఏర్పాటు చేశారు.

1874 ఆగస్టు 23న ఆయన కన్నుమూశారు. పెళ్లి చేసుకోలేదు. తన పుస్తకాలనూ, ఆస్తినీ కాలేజీకే రాసిచ్చారు. పాఠాల కోసం ఆయన కూడబెట్టిన జంతువుల నమూనాలతో మొదలైనదే నేటి గ్రాంట్ జంతుశాస్త్ర మ్యూజియం. 1828లో జాన్ ఫ్లెమింగ్ ఒక స్పాంజి ప్రజాతికి గ్రాంటియా అని పేరు పెట్టారు. మనం బొమ్మ గీసే సైకాన్‌కు అది దగ్గరి చుట్టమే.

ఈ కథలో మాకు బాగా గుర్తుండిపోయింది ఆ 50 పౌన్లు. మాస్టారు ఎలా ఉన్నారో చూడడానికి వెళ్లిన శిష్యులు ఉండబట్టే ఆ సాయం అందింది. ఈ వార్షికోత్సవానికి ఎక్కడెక్కడి నుంచో వచ్చే అన్నలకు, అక్కలకు మా మనవి ఒక్కటే. మనకు సాయంత్రాలు జీతం లేకుండా లెక్కలు, ఇంగ్లీషు చెప్పిన మాస్టార్లు ఇప్పుడు ఎక్కడున్నారో వాకబు చేద్దాం. వీలైతే వచ్చే ఏడాది వాళ్లను ముందు వరుసలో కూర్చోబెడదాం.