జోస్యాలను తారుమారు చేసిన మాస్టరు గారు: సయ్యద్ అబ్దుల్ రహీం

నాలుగేళ్ళకోసారి ప్రపంచ కప్ ఫుట్‌బాల్ వచ్చిందంటే మన ముహల్లాలలో నిద్ర ఉండదు. హోటల్లో చాయ్ తాగుతూ ఒకరు బ్రెజిల్‌దే కప్పు అంటారు, ఇంకొకరు అర్జెంటీనా తప్ప వేరే మాటే లేదంటారు. కుర్రవాళ్ళు ఏ మ్యాచి ఎవరు గెలుస్తారో, ఎన్ని గోల్స్ తేడా ఉంటుందో నోటు పుస్తకాల్లో ముందే రాసి పెట్టుకుంటారు. సరదాకు ఊహించుకుంటే తప్పేమీ లేదు. డబ్బు పెట్టి పందెం కాస్తే మాత్రం అది జూదమే, దాని సంగతి వేరే చెప్పనవసరం లేదు.

అయితే ఈ జోస్యాలన్నీ ఒకప్పుడు మన హైదరాబాదు మాస్టరు గారు ఒకాయన ముందు తలకిందులయ్యాయని మన పిల్లల్లో ఎంతమందికి తెలుసు? ఆయనే మర్హూం సయ్యద్ అబ్దుల్ రహీం సాహెబ్. మన సభ్యుల కుటుంబాలలోని పిల్లలు చదువుకుంటారనే ఆశతో ఆయన జీవితాన్ని ఇక్కడ క్లుప్తంగా వివరిస్తున్నాము.

రహీం సాహెబ్ 1909 ఆగస్టు 17న హైదరాబాదులో జన్మించారు. ఉస్మానియా విశ్వవిద్యాలయంలో చదువుకునే రోజుల్లోనే మంచి ఆటగాడిగా పేరు తెచ్చుకున్నారు. డిగ్రీ అయ్యాక ఉపాధ్యాయ వృత్తిలో ప్రవేశించారు. కాచిగూడ మిడిల్ స్కూలు, దారుల్ ఉలూం హైస్కూలు, చాదర్‌ఘాట్ హైస్కూలు వంటి చోట్ల పనిచేశారు. తరువాత వ్యాయామ విద్యలో డిప్లొమా కూడా పూర్తిచేసి పిల్లల ఆటల బాధ్యత చేపట్టారు. చివరి వరకూ ఆయన స్వభావం మాస్టరు స్వభావమే. ఆటగాడు తప్పు చేస్తే ఆ తప్పు ఎక్కడ మొదలైందో వెతికి, అక్కడి నుంచి మళ్ళీ నేర్పేవారు.

1940ల తొలి సంవత్సరాల్లో హైదరాబాద్ ఫుట్‌బాల్ అసోసియేషన్ కార్యదర్శి పదవి ఆయనను వరించింది. హైదరాబాద్ సిటీ పోలీసు టీముకు కోచ్ కూడా ఆయనే. ఆ రోజుల్లో దేశంలో ఫుట్‌బాల్ అంటే కలకత్తా. మోహన్ బగాన్, ఈస్ట్ బెంగాల్, మహమ్మడన్ స్పోర్టింగ్ ముందు దక్కన్ నుంచి వచ్చిన పోలీసు కుర్రాళ్ళు ఏపాటి అనుకునేవారు. కానీ 1950 నుంచి 1954 వరకు వరుసగా 5 సార్లు బొంబాయిలో రోవర్స్ కప్పు గెలిచింది ఆ పోలీసు టీమే! 1950లో ఢిల్లీ డ్యూరాండ్ కప్పు ఫైనల్లో మోహన్ బగాన్‌నే ఓడించింది. తరువాత 1954, 1957లలో కూడా డ్యూరాండ్ కప్పు మన నగరానికి వచ్చింది.

ఇదంతా అదృష్టం కాదు. రహీం సాహెబ్ పిల్లలకు పెట్టే పోటీలే వేరుగా ఉండేవి. ఒక పోటీలో బంతిని ఒక్కడే తీసుకుపోకూడదు, వెంటనే తోటివాడికి అందించాలి. ఇంకొక పోటీలో బలహీనంగా ఉన్న కాలితోనే, అంటే చాలామందికి ఎడమ కాలితోనే, తన్నాలి. ఇలా చేస్తే కుర్రవాడికి రెండు కాళ్ళూ ఒక్కటే అవుతాయి. నేనే గొప్ప అనే గర్వమూ పోతుంది.

1951లో ఢిల్లీలో మొదటి ఆసియా క్రీడలు జరిగాయి. రహీం సాహెబ్ శిక్షణలో భారత జట్టు ఇండోనేషియాను 3-0, అఫ్ఘానిస్తాన్‌ను 3-0 తేడాతో ఓడించింది. ఫైనల్లో ఇరాన్‌పై మేవాలాల్ కొట్టిన ఒకే ఒక్క గోల్‌తో స్వర్ణ పతకం వచ్చింది.

అలాగని ఆయనకు ఓటమి తెలియదనుకోవద్దు. మరుసటి ఏడాది హెల్సింకీ ఒలింపిక్స్‌లో యుగోస్లావియా చేతిలో 10-1తో చిత్తుగా ఓడిపోయాము. ఆ చలిలో మనవాళ్ళు చాలామంది బూట్లు లేకుండా ఆడారు. ఆ తరువాతే మన దేశంలో ఆటగాళ్ళకు బూట్లు తప్పనిసరి చేశారు. అంత ఓటమి తిన్న మనిషి వేరెవరైనా ఇంట్లో కూర్చునేవాడు. రహీం సాహెబ్ యూరప్ వాళ్ళ ఆట తీరు పరిశీలించి, హంగరీ వాళ్ళ పద్ధతులు అర్థం చేసుకుని, వాటిని మనవాళ్ళ కాళ్ళకు తగినట్టు మార్చారు.

దాని ఫలితం 1956లో మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో కనిపించింది. ఆతిథ్య దేశమైన ఆస్ట్రేలియాను, వాళ్ళ సొంత గడ్డ మీద, మనవాళ్ళు 4-2తో ఓడించారు. నెవిల్ డిసౌజా ఒక్కడే 3 గోల్స్ చేశాడు. భారత జట్టు నాలుగో స్థానంలో నిలిచింది. ఒలింపిక్ ఫుట్‌బాల్‌లో సెమీఫైనల్ చేరిన మొట్టమొదటి ఆసియా జట్టు మనదే. ఆ జట్టులో తంగరాజ్, నూర్ మహమ్మద్, అజీజుద్దీన్, జుల్ఫికరుద్దీన్, బలరాం వంటి హైదరాబాదు, సికింద్రాబాదు కుర్రాళ్ళు ఉండటం మనకెంతో గర్వకారణం. 1960లో రోమ్‌లో కూడా, ఆ ఒలింపిక్స్‌లో కాంస్యం గెలిచిన హంగరీతో 2-1 దాకా పోరాడారు, ఫ్రాన్సుతో 1-1 సమానం చేశారు.

ఇక అసలు కథ 1962 నాటి జకార్తా ఆసియా క్రీడలది. మొదటి మ్యాచిలోనే దక్షిణ కొరియా చేతిలో 2-0తో ఓడిపోయాము. ఆ రోజు ఎవరిని జోస్యం చెప్పమన్నా ఇండియా పని అయిపోయిందనే అనేవారు. కొరియా అప్పటికి రెండుసార్లు ఆసియా కప్పు గెలిచిన దేశం. దానికి తోడు అక్కడి వాతావరణం మనకు వ్యతిరేకంగా మారింది. ఇజ్రాయెల్, తైవాన్ జట్లను ఇండోనేషియా రానివ్వకపోవడాన్ని భారత క్రీడాధికారి జి.డి. సోంధీ గట్టిగా ప్రశ్నించారు. ఆ కోపం మన ఆటగాళ్ళ మీద పడింది. బయట గొడవలు జరిగాయి. మైదానంలో మనవాళ్ళు కాలు పెడితే చాలు, జనం గోల గోలగా అరిచేవారు.

అయినా మన జట్టు థాయిలాండ్‌ను 4-1తో, జపాన్‌ను 2-0తో ఓడించింది. థాయిలాండ్ మ్యాచిలో డిఫెండరు జర్నైల్ సింగ్ తలకు దెబ్బ తగిలి కుట్లు పడ్డాయి. అంత గాయమైనవాడిని ఎవరైనా పక్కన కూర్చోబెడతారు. రహీం సాహెబ్ ఆలోచన వేరు. జర్నైల్ కాలేజీ రోజుల్లో ముందు వరుసలో కూడా ఆడినవాడు. అందుకని సెమీఫైనల్లో అతన్ని సెంటర్ ఫార్వర్డ్‌గా దింపారు. దక్షిణ వియత్నాంపై మనం 3-2తో గెలిచాము, అందులో ఒక గోల్ జర్నైల్‌దే.

సెప్టెంబరు 4న ఫైనల్. ఎదురుగా మళ్ళీ అదే కొరియా. స్టేడియంలో సుమారు లక్ష మంది, దాదాపు అందరూ మనకు వ్యతిరేకులే. మన పక్షాన చప్పట్లు కొట్టినవారిలో పాకిస్తాన్ హాకీ ఆటగాళ్ళు ఉన్నారని ఆనాటివారు ఇప్పటికీ చెప్పుకుంటారు. ఫ్లూతో బాధపడి లేచిన పొడగరి గోల్‌కీపర్ తంగరాజ్‌ను రహీం సాహెబ్ ఆ రోజు గోల్‌లో నిలబెట్టారు. ఫైనల్‌కు ముందు ఆటగాళ్ళను పిలిచి, తనకు ఒక కానుక ఇవ్వమని, ఆ స్వర్ణ పతకమే కానుక అని అడిగారట. 17వ నిమిషంలో పి.కె. బెనర్జీ, 20వ నిమిషంలో తలకు కట్టుతోనే జర్నైల్ సింగ్ గోల్స్ కొట్టారు. చివరి నిమిషాల్లో కొరియా ఒకటి తీర్చింది, అంతే. 2-1తో స్వర్ణం మనది! ఆ ముందు వరుసలో మన సికింద్రాబాదు బలరాం, హైదరాబాదు యూసుఫ్ ఖాన్ ఇద్దరూ ఉన్నారు.

పిల్లలు ఇక్కడ ఒక్క విషయం గమనించాలి. జోస్యం చెప్పేవాడు పాత స్కోరు చూస్తాడు. రహీం సాహెబ్ కూడా ఆ 2-0 స్కోరు చూశారు. కానీ ఎందుకు ఓడాము, ఎవరిని ఎక్కడ నిలబెడితే గెలుస్తాము అని ఆలోచించారు. రెండో మ్యాచి నాటికి కొరియా చూసిన ఇండియా వేరే ఇండియా.

విచారకరమైన సంగతి ఏమంటే, జకార్తాలో ఉన్నప్పటికే ఆయన ఆరోగ్యం బాగా దెబ్బతిన్నది. క్యాన్సర్ వ్యాధి ఆయనను లోలోపల తినేస్తున్నది. ఆటగాళ్ళను అడిగిన ఆ కానుక ఆయన అందుకున్న చివరి కానుక అయింది. స్వర్ణం తెచ్చిన తొమ్మిది నెలలకే, 1963 జూన్ 11న, 53 ఏళ్ళ వయస్సులో కన్నుమూశారు. ఇన్నా లిల్లాహి వ ఇన్నా ఇలైహి రాజివూన్.

ఆయన తరువాత ఆసియా క్రీడల ఫుట్‌బాల్‌లో భారతదేశానికి మళ్ళీ స్వర్ణం రాలేదు. 1970లో బ్యాంకాక్‌లో మన హైదరాబాదు సయ్యద్ నయీముద్దీన్ నాయకత్వంలో కాంస్యం వచ్చింది, ఆ తరువాత అదీ లేదు. ఆయన కుమారుడు సయ్యద్ షాహిద్ హకీం కూడా ఆటగాడిగా, అంతర్జాతీయ రెఫరీగా పేరు తెచ్చుకుని 2021లో పరమపదించారు. రహీం సాహెబ్ జీవితంపై మైదాన్ అనే హిందీ సినిమా 2024లో వచ్చాకనే మన కుర్రాళ్ళు చాలామంది ఆయన పేరు మొదటిసారి విన్నారు. ఆయన పుట్టి పెరిగిన ఊళ్ళో ఇలా జరగడం మనకు సిగ్గు కాదా?

అందుచేత ఈసారి ప్రపంచ కప్ వచ్చినప్పుడు ఎవరు గెలుస్తారో పిల్లలు రాసుకుంటే రాసుకోనివ్వండి. పెద్దలు మాత్రం పక్కన కూర్చోబెట్టుకుని రహీం సాహెబ్ కథ చెప్పండి. సాయంత్రం ఒక గంట వాళ్ళను మైదానానికి పంపండి. ఎడమ కాలితో కూడా తన్నమనండి. అల్లాహ్ ఆ మాస్టరు గారికి జన్నతుల్ ఫిర్దౌస్ ప్రసాదించుగాక. ఆమీన్.